ముందు చక్రం మారిస్తే ఇంకేం మారతాయి?

సాయంత్రం పూట విశాఖ బీచ్ రోడ్డులో కాసేపు నిలబడితే ముందు చక్రం మార్చుకున్న బుల్లెట్లు వరసగా కనిపిస్తాయి. స్పోకుల చక్రం పోయి అల్లాయ్, సన్న టైరు పోయి లావు టైరు, డ్రమ్ము పోయి డిస్కు. మా మనవడికీ ఆ సరదా పుట్టింది. వాడికి దక్కింది వాళ్ల నాన్న నడిపిన పాత డ్రమ్ము బ్రేకు బండి.

"తాతా, గాజువాక ఆటోనగర్లో పదిహేడంగుళాల అల్లాయ్ చక్రం చూశాను. ఇది విప్పేసి అది బిగించెయ్యడమే కదా?"

"బిగించడం గంట పనిరా. ముందు లెక్క చూసుకోవాలి" అన్నాను. ఉక్కు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు పని చేసి రిటైరైనవాణ్ణి, లెక్క లేకుండా నట్టు విప్పడం నా వల్ల కాదు. ఆ లెక్క మీకూ పనికొస్తుంది, వినండి.

టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చదవండి. 90/90-19 52పి అని ఉందనుకోండి. మొదటి 90 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో 90 శాతం: టైరు ఎత్తు వెడల్పులో 90 శాతం, అంటే 81 మిల్లీమీటర్లు. 19 రిమ్ము కొలత, అంగుళాల్లో. 52 అంటే ఆ టైరు 200 కిలోలు మోస్తుంది. 'పి' అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. విడిగా ఇంకో నాలుగంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైన టైరు అన్నమాట. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, అందుకని కొత్త టైరు కొనేటప్పుడు బేరం కన్నా ముందు ఆ అంకెలు చూడాలి. ఐఎస్ఐ ముద్ర సరేసరి.

ఇప్పుడు కూడిక. 19 అంగుళాల రిమ్ము 483 మిల్లీమీటర్లు, పైనా కిందా టైరు కలిపితే 645. చుట్టుకొలత 2 మీటర్ల పైచిలుకు. మావాడు చూసొచ్చిన చక్రానికి 100/80-17 టైరు వేస్తే మొత్తం 592 మిల్లీమీటర్లే. చుట్టుకొలత 1.86 మీటర్లు. కిలోమీటరుకి పాత చక్రం 494 చుట్లు తిరిగితే కొత్తది 538 తిరగాలి. పాత బళ్లలో మీటరు కేబులు ముందు చక్రం నుంచే వస్తుంది. దానికి చుట్లు లెక్కపెట్టడమే తెలుసు. బండి 55లో పోతుంటే 60 అని చూపిస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగితే 109 అని రాస్తుంది. మావాడు మైలేజి పెరిగిందని మురిసిపోతాడు, పెట్రోలు బంకువాడికి మాత్రం తేడా ఏమీ కనపడదు!

ఇంకో సంగతి. చక్రం చిన్నదైతే ఇరుసు 26 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, బండి ముక్కు వంగుతుంది, ఫోర్కు దాదాపు ఒక డిగ్రీ నిటారవుతుంది. దాంతో ఏమవుతుందో చూడాలంటే ఒక పొడుగాటి కర్ర తీసుకుని, హ్యాండిల్ తిరిగే గొట్టానికి సమాంతరంగా పట్టుకుని నేలదాకా చాపండి. కర్ర కొస నేలను తాకిన చోటు ముందుంటుంది, టైరు నేలను తాకే చోటు దాని వెనకాల ఉంటుంది. ఈ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. సూపర్ మార్కెట్లో తోపుడు ట్రాలీ చక్రం తన మేకు వెనకాల ఈడ్చుకుంటూ తనంతట తానే తిన్నగా సర్దుకుంటుందే, బండి ముందు చక్రమూ అంతే. ట్రెయిల్ తగ్గితే ఆ సర్దుకునే గుణం తగ్గుతుంది. సందుల్లో హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది కానీ, ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీద పక్క గాలి కొట్టినప్పుడు చేతుల్లో అదురు మొదలవుతుంది.

"పోనీ లావు టైరు వేస్తే పట్టు పెరుగుతుందిగా?" అన్నాడు.

సన్న రిమ్ముకి లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి నడిమి భాగం ఉబ్బుతుంది. వంపులో నేలకు ఆనే తీరు మారిపోతుంది, మడ్‌గార్డుకి రాసుకున్నా ఆశ్చర్యం లేదు. ఏ రిమ్ముకి ఎంత వెడల్పు టైరో కంపెనీ పట్టికలో ఉంటుంది. ఇక పైనున్న గాళ్లు పొడి రోడ్డు మీద పట్టు పెంచవు, పట్టు ఇచ్చేది రబ్బరే. రేసు బళ్లకు పొడి రోజున నున్నటి టైర్లే వేస్తారు. గాళ్లున్నది నీళ్లను పక్కకి తోసెయ్యడానికి. పోర్టు రోడ్లలో బొగ్గు ధూళి, లారీల ఆయిలు పేరుకున్నాక పడే తొలి చినుకులు చాలా ప్రమాదం. అక్కడ గాళ్లు అరిగిన టైరుతో తిరగకూడదు. రెండు చక్రాల బండికి గాడి లోతు 0.8 మిల్లీమీటరు కన్నా తగ్గకూడదని నిబంధన. నన్నడిగితే అంతదాకా ఆగవద్దంటాను. మామూలు స్పోకుల రిమ్ముకైతే ట్యూబు తప్పదు, ప్రతి స్పోకు కన్నంలోంచీ గాలి పోతుంది మరి.

ఇక బ్రేకు. ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని మనలో చాలామందికి భయం. బ్రేకు పట్టగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. గట్టిగా పట్టినప్పుడు ముప్పాతిక బరువుకి పైనే ముందు టైరు మీద పడుతుంది. బరువు ఎక్కడుంటే పట్టు అక్కడ, బండిని ఆపేది ముందు బ్రేకే. గబుక్కున పిండకుండా క్రమంగా నొక్కుతూ పోవాలి, అంతే.

ఆగడమంటే కదలిక వేడిగా మారడం. ఇద్దరితో కలిపి 300 కిలోల బండి 60లో పోతుంటే అందులో 42 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. ముప్పాతిక భాగం ముందు డిస్కుకి చేరితే, కిలో బరువున్న డిస్కు ఒక్కసారి ఆగేసరికే 60 డిగ్రీలు వేడెక్కుతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. సింహాచలం ఘాట్ రోడ్డులోనో, అనంతగిరి ఘాట్‌లోనో దిగేటప్పుడు ప్రతి 100 మీటర్ల ఎత్తుకీ, 60లోంచి ఏడుసార్లు ఆగినంత వేడి పుడుతుంది. అందుకే న్యూట్రల్లో దిగొద్దు, చిన్న గేరులో ఇంజను చేత కూడా పట్టించాలి. డ్రమ్ములో ఆ వేడి మూతలోనే మగ్గిపోతుంది. డిస్కు గాలికి బయటే ఉండి ఇట్టే చల్లారుతుంది.

మన ఊళ్లో సముద్రపు గాలి కూడా లెక్కలోకొస్తుంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు, లివరు మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి ఆయిలు మార్చేస్తే సరి. పొద్దున డిస్కు మీద ఎర్రటి పొర కనపడితే కంగారు పడకండి, రెండు బ్రేకులు పట్టేసరికి పోతుంది. స్టీలుకి తుప్పేమిటంటారా? ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి ఆనించండి, డిస్కుకి అతుక్కుంటుంది. మంచి రకం స్టీలు గిన్నెకి అతుక్కోదు. గిన్నె స్టీల్లో 18 శాతం క్రోమియం, దానికి తోడు నికెలు ఉంటాయి. తుప్పు రాదు గానీ కాల్చి చల్లార్చినా గట్టిపడదు. ఎక్కువ డిస్కుల్లో క్రోమియం తక్కువ, గట్టిదనం ఎక్కువ. అరుగుదలకు తట్టుకోవాలంటే కాస్త తుప్పుకి ఒప్పుకోక తప్పదు.

చివరికి మావాడు 19 అంగుళాల చక్రానికే ఒప్పుకున్నాడు. డిస్కు కావాలంటే అదే మోడల్లో డిస్కుతో వచ్చిన బండి ఫోర్కు, చక్రం, క్యాలిపరు, హ్యాండిల్ మీది మాస్టర్ సిలిండరు మొత్తం సెట్టుగా తీసుకోవాలి. సిలిండరు పెద్దదైతే లివరు రాయిలా ఉంటుంది, చిన్నదైతే హ్యాండిల్‌కి తగులుతుంది. ఏబీఎస్ ఉన్న బండి జోలికైతే అసలు పోకూడదు, అది చక్రం చుట్లు లెక్కపెట్టుకుంటూ పనిచేస్తుంది. కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. ఆర్టీవో ఆఫీసులో అడిగాకే పని మొదలుపెట్టాలి.

బిగించే రోజున ఇవి మరిచిపోవద్దు. ఇరుసు నట్టు బండి నేల మీద ఉండగానే వదులు చెయ్యండి. బుష్షులు ఏ పక్కవి ఆ పక్క వరసగా పేర్చుకోండి. చక్రం బయట ఉండగా డిస్కు లివరు నొక్కొద్దు, ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి. టైరు మీది బాణం గుర్తు ముందుకు తిరిగే వైపు ఉండాలి. ఇరుసు నట్టు బిగించాక ఫోర్కుని నాలుగుసార్లు కిందికి నొక్కి, అప్పుడే కింది చిన్న బోల్టులు బిగించండి. కిక్కు కొట్టే ముందు లివరు గట్టిపడేదాకా పంపు చెయ్యండి. కొత్త టైరు నున్నగా జారుతుంది, కొత్త ప్యాడ్లు ఒరుసుకోవాలి. మొదటి వంద కిలోమీటర్లు ఎవరెంత హారను కొట్టినా నెమ్మదిగానే పోండి.