పాటకు రిబ్బన్ కట్టారు!

తల వెంట్రుక కన్నా పల్చటి అల్యూమినియం రేకు. కరెంటు పారితే వణుకుతుంది. ఆ వణుకే పాటవుతుంది. ఒకప్పుడు బాగా డబ్బున్నవాళ్ల హాళ్లలోనే కనిపించిన రిబ్బన్ స్పీకర్లు ఇప్పుడు పుస్తకాల అరలో పట్టేంత చిన్నవై, మధ్యతరగతి ఇంటి గడప దాకా వచ్చాయి. సికింద్రాబాద్‌లో ఓ ఇంట్లో, మన పాటలతోనే వాటిని విని చూస్తే...

శంకరాభరణం, షడ్జమం, సరిగమ... ఈ మూడు మాటల్నీ ఓసారి పైకి అనండి. మొదటి అక్షరం దేనికదే. శ, ష, స. ఎదురుగా కూర్చున్న మనిషి పలికితే తేడా తెలిసిపోతుంది. అవే మాటలు టీవీలోంచో సెల్‌ఫోన్‌లోంచో వస్తే? చాలాసార్లు మూడూ ఒకటే 'స'. తప్పు పాడినవాళ్లది కాదు, వినిపించే పెట్టెది.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలుకుతుంది, పాటలో సాగేదీ అచ్చే. అచ్చుల్లో బలం ఎక్కువ. వాటి అసలు సత్తువంతా కొన్ని వందల హెర్ట్జ్ నుంచి రెండు మూడు వేల హెర్ట్జ్ లోపే ఉంటుంది కాబట్టి ఎంత నాసిరకం స్పీకరైనా వినిపించేస్తుంది. హల్లుల కథ వేరు. 'స' అన్నప్పుడు పళ్ల సందుల్లోంచి వచ్చే గాలి చప్పుడు నాలుగు వేల హెర్ట్జ్ దాటాక గానీ పుంజుకోదు. అదీ బలహీనంగానే. కానీ 'కల'కీ 'తల'కీ తేడా చెప్పేది ఆ హల్లే. అంటే రాగం మోసేది అచ్చు, అర్థం మోసేది హల్లు!

స్పీకర్ పెట్టెలో ఆ సన్నపని చేసేది ట్వీటర్. ఇంగ్లిషులో కుక్క అరుపు 'వూఫ్', పిట్ట కూత 'ట్వీట్'. అందుకే మద్దెల మోత మోసే పెద్దదానికి వూఫర్ అనీ, తాళాల గలగలలు పలికే చిన్నదానికి ట్వీటర్ అనీ పేర్లొచ్చాయి. ఇప్పుడు మాట్లాడుకుంటున్న రిబ్బన్ ఈ పిట్ట గొంతుకే.

రేకే గొంతు

మామూలు ట్వీటర్‌లో పట్టుగుడ్డతోనో లోహంతోనో చేసిన చిన్న గుమ్మటం ఉంటుంది. దాన్నే డోమ్ అంటారు. దాని అంచుకు సన్నటి తీగచుట్ట అతికించి, అయస్కాంతం మధ్య ఉన్న సందులో వేలాడదీస్తారు. తీగలో కరెంటు పారితే చుట్ట కదులుతుంది, గుమ్మటాన్ని నెడుతుంది, గాలి కదులుతుంది.

రిబ్బన్‌లో చుట్టా లేదు, గుమ్మటమూ లేదు. రెండు అయస్కాంతాల మధ్య మడతలు మడతలుగా ముడిచిన రేకు ఒకటి వేలాడుతుంటుంది. కరెంటు ఆ రేకులోంచే పారుతుంది. కదిలేదీ అదే, గాలిని కదిలించేదీ అదే. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, రేకు అందులో చిన్న భాగమే. బరువు లేదు కాబట్టి చప్పున కదులుతుంది, అంతే చప్పున ఆగుతుంది. దీన్ని అభిమానించేవాళ్లు చెప్పే గొప్పంతా ఆ 'ఆగడం'లోనే ఉంది. ఒక అక్షరం తోక తర్వాతి అక్షరం మీద పడదన్నమాట.

కొత్త సరుకేం కాదు. 1920లలోనే జర్మనీలో సీమెన్స్ కంపెనీకి చెందిన వాల్టర్ షాట్కీ, ఎర్విన్ గెర్లాక్ ఈ సూత్రాన్ని పట్టుకున్నారు. దాన్నే తిరగేస్తే మైకు. రేకు ముందు పాడితే రేకు వణికి కరెంటు పుడుతుంది. 1930లలో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన రిబ్బన్ మైకులు రేడియో స్టేషన్లలోనూ స్టూడియోల్లోనూ రాజ్యమేలాయి.

మరి స్పీకర్లకు అంత ధర ఎందుకు? రేకు పల్చన, గట్టి గాలి తగిలితే చిరుగుతుంది. కరెంటుకు అడ్డు దాదాపు లేనట్టే కాబట్టి యాంప్లిఫయర్ తట్టుకునేందుకు మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. అన్నిటికీ మించి బలమైన అయస్కాంతాలు కావాలి. 1980ల మొదట్లో జపాన్‌లో సుమిటొమో, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు ఎవరికి వారుగా నియోడిమియం అయస్కాంతాన్ని కనిపెట్టడంతో ఆ చిక్కు తీరింది. వేలెడంత ముక్కలోనే బోలెడంత బలం. చైనా ఫ్యాక్టరీల్లో వాటి తయారీ పెరిగేకొద్దీ ధర దిగింది. అలా రిబ్బన్ ట్వీటరున్న జత ఇప్పుడు లక్ష లోపే దొరుకుతోంది.

ఇక్కడో మెలిక ఉంది. 'రిబ్బన్' అని అమ్మేవన్నీ ఒకటి కావు. విడి రేకు వేలాడేది అసలు రిబ్బన్. పల్చటి ప్లాస్టిక్ పొర మీద లోహపు గీతలు పరిస్తే ప్లేనార్. ఆ పొరనే చీర కుచ్చిళ్లలా మడిస్తే ఏఎంటీ. కుచ్చిళ్లు ముడుచుకుని విచ్చుకుంటూ మధ్యలో గాలిని పిండుతాయి. జర్మన్ శాస్త్రవేత్త ఆస్కార్ హైల్ ఆలోచన ఇది. 1970లలో బజారుకొచ్చింది. మూడూ మంచివే. ఏది కొంటున్నామో తెలిసి కొనాలి, అంతే.

లష్కర్‌లో ఓ సాయంత్రం

సికింద్రాబాద్‌కు మంచి శబ్దం రుచి పాతదే. పరేడ్ గ్రౌండ్స్‌లో మిలటరీ బ్యాండు విన్న ఊరిది. సంగీత్ థియేటర్లో 70 ఎంఎం ఇంగ్లిషు సినిమా చూడ్డానికి నగరం ఆ చివర్నుంచి బస్సు మారి వచ్చినవాళ్లున్నారు. ఇప్పుడు సంగీత్ లేదు. ఆ వినికిడి రుచి మాత్రం కొన్ని ఇళ్లలో మిగిలే ఉంది.

పద్మారావునగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యారు, డెబ్బై దాటాయి. తల్లి సంగీతం నేర్చుకున్న మనిషి. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు. కొత్త జత వచ్చి రెండు రోజులైంది. అడుగు పైచిలుకు ఎత్తు పెట్టెలు, అయిదంగుళాల వూఫర్, పైన నిలువుగా రెండు వేళ్ల వెడల్పు జాలీ. జాలీ వెనక రేకు. ధర యాభై వేల పైమాటే. ''ఆ డబ్బుతో ఫ్రిజ్ మారేదిరా'' అని తల్లి గొణుగుడు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ప్రకటన కాదు. పైగా ఒక్క సాయంత్రం విని తీర్పు చెప్పేయడం న్యాయమూ కాదు.

పక్కనే ఆ ఇంట్లో పదేళ్లుగా ఉన్న పాత జత, మామూలు డోమ్ ట్వీటర్లది. రెంటికీ ఒకటే యాంప్లిఫయర్. మోత రెండింట్లోనూ సమానంగా ఉండేలా ముందే కొలిచి పెట్టారు. ఇది ముఖ్యం. కాస్త గట్టిగా మోగేదే బాగుందని చెవి మోసపోతుంది. దుకాణాల్లో జరిగే మాయ సగం ఇదే!

ముందు మంగళంపల్లి బాలమురళీకృష్ణ కచేరీ. పాట మొదలవకముందే తేడా తెలిసింది, తంబురా దగ్గర. తీగ కింద నూలుపోగు పెట్టడం వల్ల పుట్టే ఆ జుమ్మనే నాదం పాత జతలో వెనక తెరలా ఉంది. కొత్తదాంట్లో నాలుగు తీగలూ విడివిడిగా తెలిశాయి. చిట్టిబాబు వీణలో గోరు తీగకు తగిలిన చప్పుడు, ఆ తర్వాత వేలు మెట్ల మీద జారడం... రెండూ వేరు వేరు. మాండలిన్ శ్రీనివాస్ వేగంగా వాయించినచోట స్వరానికీ స్వరానికీ మధ్య సందు కనిపించింది. 1989 నాటి 'గీతాంజలి' పెడితే ఇళయరాజా వయొలిన్లు ఒకే ముద్దగా కాక బారులు తీరి నిలబడ్డాయి.

లేనిది రేకు తేలేదు

అన్నీ ఇలా లేవు. 'మాయాబజార్' 1957 నాటిది. ఆనాటి సినిమా శబ్దం ఫిల్ము అంచు మీద కాంతితో అచ్చయ్యేది. ఎనిమిది వేల హెర్ట్జ్ దాటి అందులో పెద్దగా ఏమీ మిగల్లేదు. కాబట్టి పైస్థాయిలో రిబ్బన్ చూపించాల్సిన అద్భుతమే అక్కడ లేదు. ఘంటసాల గొంతు హాయిగా ఉంది, రెండు జతల్లోనూ దాదాపు ఒకేలా. ద్వారం వెంకటస్వామి నాయుడి పాత గ్రామఫోన్ రికార్డు నకలు పెడితే వయొలిన్‌తో పాటు పోపులో ఆవాల్లాంటి చిటపటలూ ఎక్కువయ్యాయి. రిబ్బన్ దాచదు. మంచీ చెడూ రెండూ చెప్పేస్తుంది.

ఇంకా గట్టి పరీక్ష బోనాల డప్పు. గజ్జెలు, తాళాలు గదిలోనే ఉన్నంత స్పష్టం. కానీ డప్పు? దూరంగా మరో వీధిలో మోగినట్టుంది. అయిదంగుళాల వూఫర్‌తో గుండెలో దడ పుట్టదు. చురుకైన రేకుకీ తాపీ వూఫర్‌కీ జోడీ కుదరని చోట ఒక పాట రెండు ముక్కలుగా వినిపిస్తుంది. తక్కువ ధర రిబ్బన్ జతల్లో ముందుగా వెతకాల్సిన లోపం ఇదే. మనవరాలు తనకిష్టమైన ఈమధ్య పాటొకటి పెట్టి, నిమిషంలో ఆపేసింది. ''స అన్నప్పుడల్లా గుచ్చుకుంటోంది'' అంది. మోత కోసం బిగించేసిన రికార్డింగు, రేకు దాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

వంటింట్లోంచి వచ్చి నిలబడే విన్న తల్లి, ''మూగబోయిందేంట్రా?'' అంది. కూర్చోగానే పాట విచ్చుకుంది. కారణం రేకు ఆకారంలోనే ఉంది. పదివేల హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లలోపే. రేకు ఎత్తు అంతకన్నా ఎక్కువ. అలాంటప్పుడు శబ్దం పక్కలకు పరుచుకుంటుంది గానీ పైకీ కిందికీ పెద్దగా పోదు. చెవి, రేకు ఒకే ఎత్తులో ఉంటేనే రిబ్బన్‌కు విలువ.

పెద్దాయన చెవి

పెట్టె మీద '40,000 హెర్ట్జ్ దాకా' అని గొప్పగా ఉంది. నిజానికి ఆరోగ్యంగా ఉన్న కుర్ర చెవి వినగలిగేదే 20 వేల దాకా. కొడుకు సరదాగా, తక్కువ మోతలో, పరీక్ష ధ్వనులు పెట్టాడు. మనవరాలికి 17 వేల దాకా వినిపించింది. కొడుకు 14 వేల దగ్గర ఆగిపోయాడు. పెద్దాయన 8 వేల దగ్గరే చేయి దించేశారు. గది కాసేపు నిశ్శబ్దమైంది.

వయసుతో చెవి పైనుంచి కిందికి తరుగుతూ వస్తుంది. ముందు పోయేవి గజ్జెలు, ఇలకోళ్లు. తర్వాత హల్లులు. అచ్చులు చివరి దాకా ఉంటాయి. అందుకే పెద్దవాళ్లు ''వినిపిస్తోంది గానీ మాట తెలియట్లేదు'' అంటారు. టీవీ మోత పెంచుతారు. పెంచితే అచ్చులే పెరుగుతాయి, ఇంట్లో గొడవ మొదలవుతుంది. ఈ ఇంట్లోనూ అంతే. పాటలు వినడం ఆయన మూడేళ్ల కిందటే మానేశారట.

ఆయన అడిగింది 'శంకరాభరణం'. 1980 నాటి సినిమా. కె.వి.మహదేవన్ సంగీతం, బాలు గొంతు. స్టాండ్ల ఎత్తు సరిచేసి, కుర్చీ దగ్గరికి జరిపి కూర్చోబెట్టారు. రెండు చరణాలయ్యాక, ''మాట తెలుస్తోందిరా'' అన్నారు. అంతే. మరో మూడు పాటలు విన్నారు.

ఇది రేకు మహిమ అని ఒట్టేసి చెప్పలేం. మూడు వేల నుంచి ఎనిమిది వేల దాకా, అంటే ఆయన చెవిలో ఇంకా మిగిలున్న మేరలో, శబ్దం శుభ్రంగా రావడం ఒక కారణం కావచ్చు. చెవి ఎత్తుకు పెట్టడం, దగ్గరగా కూర్చోవడం, ఫ్యాన్ ఆపడం... వీటి వాటా తక్కువేం కాదు. అదే కుర్చీలో పాత జత వింటే కూడా మాట తెలిసింది. కాకపోతే కాస్త మోత పెంచాల్సొచ్చింది. ఒకటి మాత్రం ఆ ఇంట్లో వెంటనే తేలింది. స్పీకర్ వినికిడి యంత్రం కాదు. చెవి డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ పరీక్ష చేయించాలి. ఆ మాట ముందుగా అన్నది ఫ్రిజ్ అడిగిన ఆవిడే.

కొనాలనుకుంటే...

* రిబ్బన్ కాబట్టి మంచిదే అనుకోవద్దు. నాసి రిబ్బన్ కన్నా మంచి డోమ్ మేలు. రెండూ పక్కపక్కన, ఒకే మోతలో వినండి.

* పుస్తకాల అర స్పీకర్ అన్నారని నిజంగా అరలో ఇరికించకండి. గోడకు కనీసం అడుగున్నర ఎడం, కూర్చున్నప్పుడు చెవికి సరిగ్గా ఎదురుగా రేకు ఉండాలి.

* టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో పైస్థాయి శబ్దం గుచ్చుకుంటుంది. ముందు ఓ జంపఖానా, కిటికీకి మందపాటి తెర. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

* దుమ్ము పడిందని జాలీలోకి ఊదొద్దు. వాక్యూమ్ క్లీనర్ దగ్గరికే తీసుకెళ్లొద్దు. గుండుసూదులు, ఇనుప రజను అయస్కాంతానికి దూరంగా ఉంచండి.

* రేకు పాడైతే మార్చే ఏర్పాటు ఉందా, మనూళ్లో చేస్తారా అన్నది బిల్లు వేయించకముందే అడగండి.

దుకాణంవాళ్లు పెట్టే డిస్కులో ఏ స్పీకరైనా బాగానే పాడుతుంది. మీ ఇంట్లో అందరికీ తెలిసిన పాటొకటి పట్టుకెళ్లండి. ఇన్నేళ్లుగా వింటున్నా ఇప్పటికీ సరిగ్గా అర్థంకాని మాటొకటి అందులో ఉండే ఉంటుంది. అది తెలిస్తే, అప్పుడు బేరం మొదలుపెట్టండి.