మంత్రిగారు దానిపై నిద్రపోతారట!

రాత్రి పదకొండు దాటింది. ఏజెన్సీ వార్త ఒకటి డెస్కులో కొత్తగా చేరిన కుర్రాడి చేతిలో పడింది. ఎక్కడో విదేశీ మంత్రి ఒకాయన ఏదో ఒప్పందం గురించి ‘లెట్ మీ స్లీప్ ఆన్ ఇట్’ అన్నాడు. మావాడు తడుముకోకుండా రాసేశాడు: ‘ఒప్పందంపై మంత్రి నిద్రపోతారు’. పేజీ వెళ్లిపోయే ముందు కంటపడింది కాబట్టి సరిపోయింది. నవ్వుకోవడం అయ్యాక ‘ఆలోచించుకుని పొద్దున చెబుతానన్నారు’ అని దిద్దాను. పెళ్లి సంబంధం దగ్గర్నుంచి పొలం బేరం దాకా మనవాళ్లు అనేదీ అదేగా, ‘తెల్లారనీ, చూద్దాం’ అని.

అప్పట్నుంచి ఇంగ్లిషువాళ్ల నిద్ర మీద నా కన్ను పడింది.

‘స్లీప్ టైట్’ సంగతే చూడండి. పూర్వం యూరప్, అమెరికాల్లో మంచం చట్రానికి తాళ్లు అల్లేవారు. సడలితే కొయ్య పనిముట్టుతో మెలిపెట్టి బిగించేవారు. అందుకే ‘టైట్‌గా పడుకో’ అంటారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది వినగానే నాకు మా అమ్మమ్మ నులకమంచం గుర్తొచ్చింది. మేం వేసవి సెలవులకు వెళ్లేసరికి నడుం దగ్గర ఉయ్యాలలా జారిపోయి ఉండేది. మావయ్య కాళ్లవైపు పట్టెకు పాదం తన్నిపెట్టి, ఒక్కో తాడూ లాగి బిగించుకుంటూ పోయేవాడు. ఆ రాత్రి పడుకుంటే తెల్లారేసరికి వీపంతా నులక అచ్చులే. కాబట్టి ఆ కథ నమ్మేయాలనే ఉంది. నిఘంటువులవాళ్లు మాత్రం ఒప్పుకోరు. ఇక్కడ టైట్ అంటే ‘గట్టిగా, ఒళ్లు తెలియకుండా’ అనే పాత అర్థమేనట, మంచంతో పని లేదట. తీరా చూస్తే మనదీ అదే మాట. గాఢాలింగనంలో ఉన్న గాఢమే గాఢనిద్రలోనూ ఉంది. సంస్కృతంలో దానికి బిగువైనది అనే అర్థం ఉంది. అంటే ‘స్లీప్ టైట్’ మనింట్లో ఎప్పుడో పక్కేసుకుని పడుకునే ఉంది.

‘నైట్‌మేర్’ దగ్గర ఇంకా విచిత్రం. మేర్ అంటే ఆడగుర్రం కదా అనుకుంటాం. చిత్రకారుడు హెన్రీ ఫ్యూజెలీ 1781లో వేసిన ‘ది నైట్‌మేర్’ చూస్తే ఆ అనుమానం బలపడుతుంది కూడా. మంచం అంచున తల వేలాడేసి నిద్రపోతున్న యువతి, ఆమె మీద గొంతుక్కూర్చున్న పిశాచం, వెనక తెర సందులోంచి తొంగిచూసే గుర్రం తల. మాటలోని మేర్ ఆ గుర్రం కాదు, ఆ పిశాచమే! నిద్రలో ఛాతీ మీదెక్కి ఊపిరాడకుండా నొక్కే దయ్యాన్ని పాత ఇంగ్లిషులో అలా పిలిచేవారు. మెలకువ వచ్చినా కాలూ చెయ్యీ కదలని ఆ స్థితిని డాక్టర్లు స్లీప్ పెరాలసిస్ అంటారు. ఊళ్లలో అయితే ‘దయ్యం గుండెల మీద కూర్చుంది’ అంటారు. ఇక పీడకలలోని పీడను చూడండి. ఆ ధాతువుకు నొక్కడం, పిండడం అని అర్థం. ఫిజిక్సు పాఠంలోని పీడనం దాని బిడ్డే.

‘స్లీప్ లైక్ ఎ లాగ్’ అచ్చంగా మన మొద్దునిద్ర. కునుకు దగ్గరే జంతువు మారింది. వాళ్లది పిల్లి కునుకు, మనది కోడికునుకు. నా ఓటు కోడికే. ఒక కన్ను తెరిచి ఉంచి, సగం మెదడును మాత్రం నిద్రపుచ్చే విద్య దానికుంది. పొద్దున్నే చిరాగ్గా ఉన్నవాణ్ని ‘మంచానికి తప్పు పక్కనుంచి దిగాడు’ అని వాళ్లంటారు. మనం మంచాన్ని ఏమీ అనం. ‘పొద్దున్నే ఎవరి మొహం చూశానో’ అని ఇంట్లోవాళ్ల మీదకు తోస్తాం.

నాకు లొంగనిది ‘పైప్ డ్రీమ్’. 1890ల నాటి అమెరికన్ మాట. ఆ పైపు నల్లమందు గొట్టం. చైనా వలసకూలీల వెంట ఆ అలవాటు అమెరికా చేరింది. 19వ శతాబ్దంలో చైనా గొట్టాల్లో కాలిన సరుకులో పెద్ద వాటా పాట్నా, ఘాజీపూర్ ఫ్యాక్టరీల్లో తయారై, కలకత్తా వేలంపాటల మీదుగా ఓడలెక్కిందే. ఈ పైప్ డ్రీమ్‌ను మనం ‘పగటికల’ అని రాసేస్తున్నాం. పగటికలలో ఆశ ఉంటుంది గానీ మత్తేదీ? గసగసాల చేలో కాయలకు గాట్లు పెట్టిన బిహారీ రైతేడీ? ఒకసారి ‘గంజాయి కల’ అని రాశాను. చదువుకుని కొట్టేశాను. మత్తు దొరికింది గానీ, మొక్క మారిపోయింది.