ఓటు దాకా రాని పేర్లు

సింగపూర్ వాయవ్య దిక్కున, ఎల్‌ఆర్‌టీ రైలు చుట్టూ తిరిగే, ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్ల ఊరు బుకిట్ పంజాంగ్. 2006 నుంచి ఇది ఒకే సభ్యుణ్ణి పార్లమెంటుకు పంపే నియోజకవర్గం. అప్పటి నుంచి 2025 మే 3 దాకా ఐదు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ప్రతిసారీ ముఖాముఖి పోటీయే. పాలక పీపుల్స్ యాక్షన్ పార్టీ తరఫున మొదటి మూడుసార్లు టియో హో పిన్, తర్వాత రెండుసార్లు లియాంగ్ ఎంగ్ హ్వా నిలబడి గెలిచారు. ఎదురుగా సింగపూర్ డెమోక్రటిక్ పార్టీ నిలబెట్టినవాళ్లు లింగ్ హౌ డూంగ్, అలెక్ టోక్, ఖుంగ్ వాయ్ యీన్, చివరి రెండుసార్లు పాల్ తంబయ్యా. మొత్తం ఆరుగురు. ఆరుగురూ మగవాళ్లే.

సింగపూర్‌లో పౌరులు ఓటు వేయడం తప్పనిసరి. బుకిట్ పంజాంగ్ మహిళలు కూడా ప్రతి ఎన్నికకూ వరుసలో నిలబడి ఓటు వేశారు. 2020లో లియాంగ్‌కు దాదాపు 54 శాతం, తంబయ్యాకు 46 శాతం వచ్చాయంటే ఓటర్లు కళ్లు మూసుకుని వేయలేదని అర్థమవుతుంది. వాళ్లు పార్టీని బేరీజు వేశారు, మనిషిని బేరీజు వేశారు. కానీ ఈ స్థానంలో ఒక మహిళను ఎన్నుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఆ ఐదుసార్లలో ఒక్కసారీ వాళ్ల ముందుకు రాలేదు. దానికి జవాబు అంతకు ముందే, పార్టీ ఆఫీసులో, టికెట్లు ఖరారు చేసే బల్ల దగ్గర అయిపోయింది.

మహిళా కోటా గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. కోటా అంటే ఓటరు స్వేచ్ఛకు కళ్లెం వేయడమని చాలామంది అనుకుంటారు. ఎక్కువ దేశాల్లో ఆ నియమం ఓటరు జోలికే రాదు. అది పార్టీకి చెప్పే మాట: ఇంతమంది మహిళలకు టికెట్ ఇవ్వు, ఆ తర్వాత గెలిపించాలో ఓడించాలో ప్రజలు చూసుకుంటారు.

పార్టీలు వెంటనే చెప్పే సమాధానం ఒకటుంది. ఒంటరి పోటీలో ఆడవాళ్లు గెలవలేరట. సింగపూర్ లెక్క అలా లేదు. 2020లో ఏకసభ్య స్థానాలు 14. అందులో ఐదింట మహిళలే గెలిచారు: యుహువాలో గ్రేస్ ఫూ, హాంగ్ కా నార్త్‌లో ఏమీ ఖోర్, మెక్‌ఫర్సన్‌లో టిన్ పే లింగ్, పుంగ్గోల్ వెస్ట్‌లో సన్ షూలింగ్, మేరీమౌంట్‌లో గాన్ సియౌ హువాంగ్. పద్నాలుగింట ఐదంటే మూడో వంతు కంటే ఎక్కువ. అదే ఏడాది మొత్తం 93 స్థానాలకు గెలిచిన మహిళలు 27 మంది, అంటే సుమారు 29 శాతం. మిగతా స్థానాల్లో అభ్యర్థులు జట్టుగా పోటీ చేస్తారు. అలా జట్టు చాటున కాకుండా తమ పేరు మీద నిలబడ్డవాళ్ల వాటాయే ఎక్కువన్నమాట. టికెట్ ఇచ్చిన చోట గెలిచారు. ఇవ్వని చోట గెలుస్తారా లేదా అని తేల్చే వీలే లేదు.

ఈ 29 శాతం చూసి, కోటా లేకుండానే నెమ్మదిగా పెరుగుతోంది కదా, తొందరేమిటి అనేవాళ్లున్నారు. వాళ్లు సింగపూర్ చరిత్రలో ఒక పద్నాలుగేళ్ల ఖాళీని చూడాలి. 1959 ఎన్నికల్లో తొలిసారి ఓటు తప్పనిసరి అయింది. ఇంటి గడప దాటని మహిళల ఓటుకూ విలువ వచ్చింది. పీపుల్స్ యాక్షన్ పార్టీ ఒక మగవాడికి ఒకే భార్య అన్న చట్టం తెస్తానని మాటిచ్చింది. ఆ ఎన్నికల్లో ఐదుగురు మహిళలు గెలిచి సభకు వచ్చారు. వాళ్లలో డెల్టా ప్రతినిధి చాన్ చోయ్ సియోంగ్ ఆ మాట నిలబెట్టుకోవాలని గట్టిగా పట్టుబట్టింది. 1961లో వచ్చిన విమెన్స్ చార్టర్ ముస్లిమేతరుల్లో బహుభార్యత్వాన్ని నిషేధించింది, ఆస్తి, విడాకులు, మనోవర్తి విషయాల్లో భార్యకు హక్కులిచ్చింది. తర్వాత ఏమైంది? మహిళల సంఖ్య తగ్గుతూ వచ్చి, 1970లో చాన్ తప్పుకోవడంతో పార్లమెంటులో ఒక్క మహిళ కూడా మిగల్లేదు. 1984లో ఏలీన్ వాంగ్, డిక్సీ టాన్, యూ-ఫూ యీ షూన్ గెలిచేదాకా సభ మొత్తం మగసభే. ఆ పద్నాలుగేళ్లలో ఆడపిల్లల చదువు పెరిగింది, ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో మహిళల ఉద్యోగాలు పెరిగాయి. పార్లమెంటులో మాత్రం సున్నా. పార్టీ ఇష్టంతో పెరిగిన సంఖ్య పార్టీ ఇష్టంతోనే పడిపోతుందని దీన్ని బట్టే నేను నమ్ముతున్నాను.

ప్రతిభకే పెద్దపీట, కోటాలు మాకు సరిపడవు అన్నది సింగపూర్ ప్రభుత్వం చాలాకాలంగా చెబుతున్న మాట. కానీ ఇదే దేశం 1988లో గ్రూపు నియోజకవర్గాల పద్ధతి తెచ్చింది. దీన్ని జీఆర్‌సీ అంటారు. ఒక ప్రాంతానికి నలుగురో ఐదుగురో కలిసి ఒకే జట్టుగా పోటీ చేస్తారు, ఓటరు జట్టు మొత్తానికి ఒకే ఓటు వేస్తాడు. జట్టులో కనీసం ఒకరు మలయ్ లేదా భారతీయ, ఇతర మైనారిటీ వర్గానికి చెందినవారై తీరాలి. చైనీయులు అధికంగా ఉన్న దేశంలో మైనారిటీలు సభలో మాయం కాకూడదన్న ఉద్దేశం మంచిది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకూ ఆ నీడ ఉంది. 2016లో రాజ్యాంగాన్ని సవరించి, వరుసగా ఐదు పదవీకాలాలు ఒక జాతివర్గం నుంచి రాష్ట్రపతి రాకపోతే తర్వాతి ఎన్నిక ఆ వర్గానికే కేటాయించాలన్నారు. 2017లో హలీమా యాకోబ్ అలాగే, పోటీ లేకుండా, తొలి మహిళా రాష్ట్రపతి అయ్యారు. మైనారిటీలకు నియమం పెడితే ప్రతిభ చెడిపోలేదు కదా, ఆడవాళ్లకు పెడితే ఎందుకు చెడుతుంది?

మరో సంగతి చాలామందికి తెలియదు. సింగపూర్‌లో మహిళల విషయంలో ఒక కోటా ఉండేది, కాకపోతే అది తలకిందులు కోటా. 1979 నుంచి అక్కడి యూనివర్సిటీ వైద్య విద్యలో అమ్మాయిలకు మూడో వంతు సీట్లకు మించి ఇవ్వకూడదన్న పరిమితి పెట్టారు. మహిళా డాక్టర్లు వృత్తి వదిలేస్తారన్నది చెప్పిన కారణం. మార్కులు ఎక్కువ వచ్చిన అమ్మాయిని పక్కనబెట్టి తక్కువ వచ్చిన అబ్బాయిని తీసుకున్నారు. ఇది ఇరవయ్యేళ్లకు పైగా సాగి, 2003 నాటికి గానీ పోలేదు.

నియమం పెట్టగానే పని అయిపోతుందనీ అనుకోకూడదు. అది ఎలా రాశారన్నదే అసలు సంగతి. అర్జెంటీనా 1991లో జాబితాల్లో 30 శాతం మహిళలు ఉండాలని, వాళ్లను గెలిచే వరుసల్లోనే పెట్టాలని చట్టం చేసింది. జాబితా చివర్లో పేరు పెట్టి చేతులు దులుపుకునే దారి అలా మూసింది. ఫ్రాన్స్ 2000లో సగం టికెట్లు మహిళలకన్నది గానీ, ఇవ్వని పార్టీకి ప్రభుత్వ నిధుల్లో కోతతో సరిపెట్టింది. పెద్ద పార్టీలు ఆ కోత భరించడానికే సిద్ధపడ్డాయి. 2002లో అక్కడి జాతీయ అసెంబ్లీలో మహిళలు 12 శాతమే. రువాండా రాజ్యాంగంలోనే 30 శాతం రాసుకుని, ఇప్పుడు దిగువ సభలో 60 శాతం దాటింది. న్యూజిలాండ్ ఏ చట్టమూ లేకుండా 2022లో సగానికి చేరిందన్నది నిజమే. కానీ అక్కడ పార్టీలే పట్టుబట్టి జాబితాల్లో మహిళలను ముందు వరుసల్లో పెట్టాయి.

మన దేశం ఎంచుకున్నది వేరే దారి. స్థానాన్నే మహిళకు కేటాయించడం. పంచాయతీల్లో 1993 నుంచి మూడో వంతు ఇలా నడుస్తోంది, తెలుగు రాష్ట్రాల్లో సగం. సర్పంచి భార్య, పెత్తనం భర్తది అన్న విమర్శ నిజమే, ఆ బాధ ఊళ్లలో ఇంకా ఉంది. కానీ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించిన రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లోలు మహిళా అధ్యక్షులున్న చోట మంచినీటి పనులు ఎక్కువ జరిగాయని చూపించారు. రెండుసార్లు రిజర్వేషన్ వచ్చిన ఊళ్లలో రిజర్వేషన్ లేకపోయినా మహిళలు గెలవడం పెరిగిందని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. లోక్‌సభకు వస్తే 1996లో తొలిసారి బిల్లు పెట్టారు. 2023 సెప్టెంబరులో 106వ రాజ్యాంగ సవరణగా ఆమోదం పొందేసరికి ఇరవై ఏడేళ్లు పట్టింది. జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని అందులోనే షరతు పెట్టారు. 2024లో 543 మందిలో మహిళలు 74. ఆంధ్రప్రదేశ్ 25 స్థానాల నుంచి పురందేశ్వరి, తనూజారాణి, బైరెడ్డి శబరి. తెలంగాణ 17 స్థానాల నుంచి డీకే అరుణ, కడియం కావ్య. నలభై రెండులో ఐదు.

సభలో మహిళ ఉంటే ఏం మారుతుందని అడిగేవాళ్లకు కన్వల్‌జీత్ సోయిన్ కథ చెప్పాలి. ఎముకల డాక్టరైన ఆమె 1992లో సింగపూర్ పార్లమెంటుకు నామినేటెడ్ సభ్యురాలిగా వెళ్లారు. పార్టీ అండ లేదు, వెనక సభ్యుల బలం లేదు. 1995లో కుటుంబ హింసను అరికట్టే బిల్లు సొంతంగా రాసి సభ ముందు పెట్టారు. బిల్లు వీగిపోయింది. కానీ మరుసటి ఏడాది ప్రభుత్వమే విమెన్స్ చార్టర్‌ను సవరించి, అందులోని ముఖ్యాంశాలను కలుపుకుంది. ఇంట్లో దెబ్బలు తినే భార్య రక్షణ ఉత్తర్వు కోసం కోర్టుకెళ్లే దారి అలా వెడల్పయింది. అంతకు ముందు సభలో ఉన్న ఎనభై మందికీ ఆ పని ఎందుకు తోచలేదని నేను తరచూ ఆలోచిస్తుంటాను.

సింగపూర్ కావాలనుకుంటే కొత్తగా కట్టాల్సింది కూడా పెద్దగా లేదు. బుకిట్ పంజాంగ్ టౌన్‌లోనే జెంగ్‌హువా వైపువాళ్లు హాలండ్-బుకిట్ టిమా జీఆర్‌సీలో నలుగురి జట్టుకు ఓటేస్తారు. అక్కడ గెలిచిన జట్టులో సిమ్ ఆన్ అనే మహిళ ఉంది. జట్టులో మైనారిటీ సభ్యుడు ఉండాలని చట్టం చెప్పినట్టే, మహిళలు కనీసం ఇద్దరు ఉండాలని ఒక్క వాక్యం చేర్చితే చాలు. 2025లో గ్రూపులు 18. అంటే మొత్తం 97 స్థానాల్లో 36 అక్కడే ఖాయమవుతాయి. మిగిలిన 15 ఏకసభ్య స్థానాలకు, ఒక్కో పార్టీ ఇచ్చే టికెట్లలో మూడో వంతు మహిళలకని రాయొచ్చు. నామినేషన్ రోజున మైనారిటీ అభ్యర్థి తన వర్గాన్ని ధ్రువీకరించే కమిటీ పత్రం చూపించాలి. మహిళా అభ్యర్థికి ఆ పత్రం కూడా అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు.