4కె కొన్నాం... బొమ్మ మాత్రం మసకే!

‘‘ఒరేయ్, ఫోకస్ లేదురా.’’

సంక్రాంతి సెలవుల్లో కొత్త 4కె మానిటర్ మీద సినిమా పెట్టిన పది నిమిషాలకి మా నాన్న అన్న మాట ఇది. ఇరవై ఆరు వేలు పోసి కొన్న మానిటర్. ఓటీటీలో అన్నిటికంటే ఖరీదైన ప్లాన్. ఇంటికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ నెట్. ఇన్ని ఉండగా ఫోకస్ లేకపోవడమేమిటి? ‘‘నీ కళ్లే ఇంకా కుదురుకోలేదేమో నాన్నా’’ అనేశాను.

అనకుండా ఉండాల్సింది. ఆయనకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయి అప్పటికి రెండు నెలలు. చూపు బాగా వచ్చిందని డాక్టరుగారు చెప్పాకే, ‘‘మంచి బొమ్మ చూసి ఎన్నేళ్లయిందో’’ అని ఆయన అంటే ఈ మానిటర్ కొన్నాను. పైగా ఆయన మామూలు ప్రేక్షకుడు కాదు. కోనసీమలో ఒక థియేటర్లో 26 ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్. కార్బన్ కడ్డీల వెలుగులో ఎన్ని వేల ఆటలు నడిపారో! నా మాటకి బదులు చెప్పకుండా లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు.

మనసు చివుక్కుమంది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

తొమ్మిదికి ఒక్కటే!

ముందు యూట్యూబ్‌లో 4కె అని ఉన్న ఓ అడవి వీడియో పెట్టాను. సెట్టింగ్స్ చక్రంలో 2160పి ఎంచుకున్నా. వీడియో మీద కుడి క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ నొక్కితే లెక్కలు కనిపిస్తాయి. 3840×2160 అని చూపించింది. ఆకు మీద చీమ కాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. అంటే మానిటర్‌లో లోపం లేదు.

తర్వాత ఓటీటీలో అదే సినిమా పెట్టి ప్లేయర్ వివరాలు తీశాను. 1280×720! గుండె గుభేలుమంది. 4కె తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. నాకు వస్తున్న బొమ్మలో ఉన్నవి 9 లక్షల చిల్లర. అంటే తొమ్మిది చుక్కలు ఉండాల్సిన చోట ఒక్కటి వస్తుంటే, దాన్నే సాగదీసి చూపిస్తోంది కంప్యూటర్. నాన్న కళ్లు సరిగ్గానే పట్టాయి. తప్పు నాదే.

బ్రౌజర్ దగ్గరే తాళం

యూట్యూబ్‌లో వచ్చిన 4కె ఓటీటీలో ఎందుకు రాలేదు? యూట్యూబ్‌లో మామూలు వీడియోలకి తాళం ఉండదు. ఓటీటీ సినిమాకి కాపీ కొట్టకుండా తాళం వేసి పంపుతారు. ఆ తాళం ఎంత గట్టిగా ఉంటే అంత మంచి బొమ్మ ఇస్తారు. విండోస్ కంప్యూటర్లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లలో ఈ తాళం మామూలుగా సాఫ్ట్‌వేర్ స్థాయిలోనే ఉంటుంది. అందుకే వాటిలో బొమ్మ నాణ్యత తగ్గించి ఇస్తారు. ఎడ్జ్ బ్రౌజర్ అయితే కంప్యూటర్ చిప్‌లోనే ఉన్న రక్షణని వాడుకోగలదు. నేను ఏళ్ల తరబడి క్రోమ్‌కి అలవాటుపడినవాణ్ని. ఎడ్జ్‌లో తెరిచాను. 720 కాస్తా 1080 అయింది. సంతోషమే, కానీ 4కె ఇంకా రాలేదు.

రెండోది, బొమ్మని విప్పే పద్ధతి. 4కె సినిమా చాలా పెద్దది కాబట్టి కుదించి పంపుతారు. ఓటీటీల్లో ఎక్కువగా వాడే పద్ధతి పేరు హెచ్‌ఈవీసీ. దాన్ని విప్పగలిగే సత్తా ప్రాసెసర్‌లో ఉండాలి. ఇంటెల్ అయితే ఏడో తరం నుంచి పైవి పనికొస్తాయి. నాది పదో తరం కాబట్టి బతికిపోయాను. కానీ విండోస్‌లో దానికి కావాల్సిన హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ లేదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొద్దిపాటి డబ్బు కట్టి వేసుకున్నాను.

అయినా 1080 దగ్గరే మొండికేసింది. టైము రెండయింది. వెనక చప్పుడైతే చూశాను, నాన్న. నిద్ర పట్టలేదట. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జరిగిందంతా చెప్పాను. ‘‘నీ కళ్లు కరెక్టే నాన్నా’’ అన్నాను. ఆయన నవ్వి, ‘‘గేటు దగ్గర మురికి పెట్టుకుని లెన్సు ఎంత తుడిస్తే ఏం లాభం? దీపం దగ్గర్నుంచి తెర దాకా వరసగా చూసుకుంటూ రా’’ అన్నారు.

పక్కనున్న పాత మానిటర్

సరే, వరసగా చూడటం మొదలెట్టాం. నా కంప్యూటర్ హెచ్‌డీఎంఐ పోర్టు పాత 1.4 రకం. అది 4కె బొమ్మని సెకనుకి 30 సార్లే పంపగలదు. 60 సార్లు పంపాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ కావాలి. పక్కనే డిస్‌ప్లేపోర్ట్ ఖాళీగా ఉంది. మానిటర్ పెట్టెలో వచ్చిన కేబుల్ దానికి తగిలించాను. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 3840×2160, 60 హెర్ట్జ్ అని పెట్టాను. 4కె రాలేదు.

‘‘ఆ రెండోది ఎందుకు?’’ అన్నారు నాన్న. అమ్మాయి చదువు కోసం ఉంచిన పాత మానిటర్. వీజీఏ కేబుల్‌తో అదే కంప్యూటర్‌కి తగిలించి ఉంది. అప్పుడు వెలిగింది. 4కె సినిమా ఇచ్చేముందు కంప్యూటర్ తెరని ‘నువ్వు నమ్మకస్తురాలివేనా?’ అని అడుగుతుంది. ఆ ఏర్పాటు పేరు హెచ్‌డీసీపీ. 4కెకి 2.2 రకం ఉండాలి. కంప్యూటర్‌కి ఎన్ని తెరలు తగిలిస్తే అన్నీ ఆ పరీక్ష నెగ్గాలంటాయి ఓటీటీలు. వీజీఏ కేబుల్‌లో అసలు ఆ ఏర్పాటే ఉండదు. పాత మానిటర్ కేబుల్ పీకేసి సినిమా మళ్లీ పెట్టాను.

3840×2160.

నాన్న ఏమీ అనలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నారు.

మీరు కొనేముందు

మా అనుభవం మీకు పనికొస్తుందని రాస్తున్నాను. మానిటర్ కొనేముందే ఇవి చూసుకోండి.

ప్లాన్: చాలా ఓటీటీల్లో 4కె పై ప్లాన్‌లోనే ఉంటుంది. అలాగని పై ప్లాన్ కట్టినంత మాత్రాన కంప్యూటర్‌లో రావాలని లేదు. కంప్యూటర్‌కి 4కె ఇస్తారా, ఏ బ్రౌజర్‌లో ఇస్తారు అన్నది వాళ్ల సహాయ పేజీలో చదివాకే డబ్బు కట్టండి.

నెట్: నెట్‌ఫ్లిక్స్ 4కెకి 15 ఎంబీపీఎస్ ఉండాలంటోంది. 100 ప్లాన్ ఉన్నా రౌటర్‌కి రెండు గోడల అవతల వైఫైలో ఆ 15 కూడా నిలకడగా రాకపోవచ్చు. ల్యాన్ కేబుల్ వేసుకుంటే మంచిది. కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడండి. 4కె గంటకి 7 జీబీ దాకా లాగుతుంది. రెండున్నర గంటల సినిమాకి 17 జీబీ పైమాటే. మీ ప్లాన్‌లో డేటా పరిమితి ఉంటే నెలాఖరుకి తెలిసొస్తుంది.

తెర: ల్యాప్‌టాప్ తెర 1080 అయితే 4కె కోసం అదనంగా కట్టడం దండగ. 27 అంగుళాల మానిటర్‌ని పది అడుగుల దూరం నుంచి చూసినా తేడా పెద్దగా తెలియదు. దగ్గరగా కూర్చోవాలి.

సినిమా: అన్నిటికంటే ముఖ్యం ఇదే. 2కెలో పూర్తి చేసిన సినిమాని సాగదీసి 4కె అని పేరు పెట్టినా కొత్తగా వివరాలు రావు. విచిత్రమేమిటంటే, 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన పాత సినిమాల నెగెటివ్‌లో బోలెడన్ని వివరాలు దాగి ఉంటాయి. బాగా భద్రపరిచిన నెగెటివ్‌ని స్కాన్ చేస్తే నిజమైన 4కె వస్తుంది. 2022 ఆగస్టులో ‘పోకిరి’ 4కెలో మళ్లీ థియేటర్లకి వచ్చినప్పట్నుంచి మన దగ్గర పాత సినిమాలకి ఈ యోగం పట్టింది. ఈ మాట చెబితే, ‘‘ఫిల్మ్‌లో బొమ్మ ఎప్పుడూ ఉందిరా, మీకే ఇప్పుడు కనిపిస్తోంది’’ అన్నారు నాన్న.

ఆ తెల్లవారుజామున సినిమా మొత్తం చూశాం. పావుగంటకోసారి నాన్న చూపు తెర పైన కుడి మూలకి పోతోంది. ఏమిటని అడిగాను. రీలు అయిపోయే ముందు అక్కడ చిన్న చుక్క పడుతుందట. అది చూసి రెండో ప్రొజెక్టర్ ఆన్ చెయ్యాలి. ‘‘ఇప్పుడు చుక్కలు లేవు కదా నాన్నా’’ అన్నాను.

‘‘లేవని తెలుసులే, అలవాటు’’ అని మళ్లీ ఆ మూలకే చూశారు.