పాత ఫిల్ము కెమేరాల విలువ కట్టుట ఎట్లు?

పాత ఫోటో స్టూడియోలు మూతపడునపుడు, పెద్దల కాలపు పెట్టెలు సర్దునపుడు, తోలు తొడుగులో బరువైన కెమేరా ఒకటి బయటపడుట కలదు. దాని ముందువైపున రెండు కటకములు ఒకదానిపై నొకటి యుండును. పైమూత తెరచి వంగి చూచినచో గరకు గాజుపై ఎదుటి దృశ్యము కుడియెడమలు తారుమారై కనబడును. పాతసామానులవాడు దీనిని తూకమునకు అడుగును. సేకరణ చేయువాడు ముందుగా దానిని పరీక్షించును. ఆ పరీక్ష ఎట్లు చేయవలెనో తెలియవలెనన్నచో, ఈ యంత్రపు చరిత్రయు, దానిలోని భౌతికశాస్త్రమును కొంత తెలిసియుండవలెను.

ఫిల్ము పెద్దదైనచో లాభమేమి?

1901లో అమెరికాలోని కొడాక్ కంపెనీ తన బ్రౌనీ కెమేరా కొరకు ‘120’ అను చుట్టఫిల్మును ప్రవేశపెట్టెను. దీని వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు. ఫిల్ము వెనుక అంకెలు గల కాగితముండును. కెమేరా వెనుకనున్న చిన్న ఎఱ్ఱ కిటికీలో ఆ అంకెలను చూచుచు ఫిల్మును త్రిప్పుదురు. ఈ ఫిల్ము నేటికిని తయారగుచున్నది. కనుక నూరేండ్లనాటి కెమేరాతో కూడ నేడు ఫోటో తీయవచ్చును.

దీనిపై చదరపు చిత్రము యొక్క భుజము సుమారు 56 మి.మీ., వైశాల్యము 3,136 చదరపు మి.మీ. సామాన్యమైన 35 మి.మీ. ఫిల్ముపై చిత్రము 24 × 36 మి.మీ., అనగా 864 చదరపు మి.మీ. మాత్రమే. 56 సెం.మీ. భుజము గల చదరపు ఫోటో కావలెనన్నచో పెద్ద ఫిల్మును 10 రెట్లు పెంచిన చాలును. చిన్నదానిని 23 రెట్లకు పైగా పెంచవలెను. చిత్రముతోపాటు ఫిల్ములోని వెండి రేణువులును, కటకపు దోషములును అంతే పెరుగును. స్టూడియోలవారు పెద్ద ఫిల్మును కోరుటకు కారణమిదియే.

రెండు ప్రసిద్ధ వంశములు

1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరమున ఫ్రాంకె, హైడెకె అనువారి కంపెనీ రోలీఫ్లెక్స్‌ను విడుదల చేసెను. దీనిలో పై కటకము చూచుటకు, క్రింది కటకము ఫోటో తీయుటకు. రెండింటి నాభ్యంతరము ఒకటే. రెండును కలిసి ముందుకు వెనుకకు కదలును. కనుక పైగాజుపై బొమ్మ స్పష్టమైనచో ఫిల్ముపైనను స్పష్టమగును. జపాను వారి యాషికా, సోవియట్ దేశపు లూబితెల్ ఈ మార్గమున నడచినవే.

1948లో స్వీడన్ దేశీయుడైన విక్టర్ హాసెల్‌బ్లాడ్ తన కెమేరాను వెలువరించెను. దీనికి కటకమొక్కటే. చూచునపుడు అద్దము కాంతిని పైకి పంపును. మీట నొక్కగానే ఆ అద్దము తొలగును. 1962లో వ్యోమగామి వాలీ షిరా హ్యూస్టన్‌లోని ఒక దుకాణములో 500 సి రకపు కెమేరాను కొని అంతరిక్షమునకు తీసికొని పోయెను. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రునిపై ఆల్డ్రిన్ చిత్రములను తీసినది ఈ కంపెనీ కెమేరాతోనే.

వయస్సు వేరు, వెల వేరు

పాతదైనంతనే వెల పెరుగదు. కొడాక్ బ్రౌనీలు విస్తారముగా అమ్ముడుపోయినవి. అందుచే వానిలో చాలవాటికి నేడును వెల స్వల్పమే. 1932లో వచ్చిన ‘620’ ఫిల్మును 1995లో నిలిపివేసిరి. అది వెడల్పులో ‘120’ వంటిదే కాని, చుట్టుకొను కండె మాత్రము సన్ననిది. వాడుట కష్టమగుటచే అట్టి కెమేరాలను కొనువారు తక్కువ.

తయారైన సంవత్సరము తెలిసికొనుటకు క్రమసంఖ్య తోడ్పడును. హాసెల్‌బ్లాడ్‌వారు ‘వి, హెచ్, పి, ఐ, సి, టి, యు, ఆర్, ఇ, ఎస్’ అను పది అక్షరములను వరుసగా 1 మొదలు 9 వరకును, పిమ్మట 0కును గుర్తులుగా వాడిరి. సంఖ్యకు ముందు ‘సి ఆర్’ అని యున్నచో 58, అనగా అది 1958 నాటిది. అమ్మువాడు వేరొక సంవత్సరము చెప్పినచో సందేహింపవలెను.

వస్తువు వెనుకనున్న కథకును వెలయుండును. 1971 నాటి అపోలో 15 యాత్రకు చెందినదిగా చెప్పబడిన హాసెల్‌బ్లాడ్ 2014లో వియన్నా వేలమున 5 లక్షల యూరోలకు మించి పలికెను. చంద్రునిపై నుండి తిరిగి వచ్చిన కెమేరా ఇదొక్కటే యని ప్రచారము జరిగెను. ఇతర కెమేరాలును తిరిగి వచ్చినవని తెలిసినవారు ఆక్షేపించిరి. కథ ఎంత గొప్పదైన ఆధారము అంత గట్టిగా నుండవలెనని దీనివలన తెలియుచున్నది.

పరీక్షించు విధము

మొదట వెనుక తలుపు తెరువరాదు. ఎఱ్ఱ కిటికీ యున్నచో దానిలో చూడవలెను. అంకె గాని, కాగితము గాని కనబడినచో లోపల ఫిల్ము కలదు. కిటికీ లేనిచో త్రిప్పుడుపిడిని మెల్లగా కదిపి, బిగువున్నదేమో చూడవలెను. అనుమానము కలిగినచో పూర్తి చీకటిలోనే తెరువవలెను. ఏనాడో మరణించిన వ్యక్తి యొక్క చివరి చిత్రము అందుండవచ్చును. పగటి వెలుగు తగిలిన క్షణములో అది చెడిపోవును.

పిదప షట్టరును తెరచియుంచి కటకము గుండ టార్చి వేయవలెను. సాలెగూటి పోగులవంటివి కనబడినచో అది బూజు. బూజు విడుచు ఆమ్లములు గాజుపై పూతను, తుదకు గాజునే తినివేయును. అట్టి మచ్చ తుడిచినను పోదు. అంచున ఇంద్రధనుస్సు రంగులు కనబడినచో రెండు కటకములను అతికించిన జిగురు విడుచుచున్నదని యెరుగవలెను.

షట్టరు పరీక్షను తరగతిలోనే చేయవచ్చును. వేగమును ఒక సెకనుకు అమర్చి, చేతిఫోనులో శబ్దమును రికార్డు చేసి, తెరచుకొను చప్పుడునకు మూసికొను చప్పుడునకు నడుమ కాలమును కొలువవలెను. లోపలి నూనె గట్టిపడినచో ఒక సెకను రెండు సెకన్లు కావచ్చును. అప్పుడు ఫిల్ముపై రెట్టింపు కాంతి పడును. మడతల తిత్తి గల కెమేరాయైనచో ఫిల్ము లేదని నిశ్చయించుకొని, చీకటి గదిలో వెనుకనుండి టార్చి పెట్టవలెను. తిత్తికి రంధ్రములున్నచో చుక్కలవలె వెలుగును.

బిగిసిన మీటలను బలవంతముగా త్రిప్పరాదు. పాతదనము పోవలెనని రంగు వేయరాదు. అసలు రంగు చెరిగినదాని కంటె క్రొత్తరంగు పూసినదానికి సేకరించువారు తక్కువ వెల నిత్తురు.

భద్రపరచుట

మన కోస్తా జిల్లాల తేమ బూజునకు మిక్కిలి అనుకూలము. తోలు తొడుగు తేమను పట్టియుంచును గనుక కెమేరాను అందుంచరాదు. మూత బిగియు డబ్బాలో సిలికాజెల్‌తో పాటు ఉంచి, ఆ జెల్‌ను అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టి మరల వాడవలెను.

ప్రతి కెమేరాకు ఒక చీటి వ్రాయుట మంచిది. తయారించినవారి పేరు, క్రమసంఖ్య, ఫిల్ము రకము, కటకపు స్థితి, ఎవరు ఎచ్చట వాడిరి అను విషయములు అందుండవలెను. దానితో దొరికిన నెగటివులను పారవేయరాదు. స్టూడియో కెమేరాయైనచో ఆ నెగటివులలో ఒక ఊరి పెండ్లిండ్లు, బడిపిల్లలు, వీధులు ఉండును. అట్టి కెమేరా వంటిది మరియొకటి కొనుటకు దొరకును. ఆ నెగటివులకు రెండవ ప్రతి లేదు.