సీసా పారెయ్యకండి!

తెలుగులో ‘మందు’ అన్నది చిత్రమైన మాట. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, దుకాణంలో కూర్చుని తాగేదీ మందే. వరంగల్లు పల్లెల్లో ఎవరైనా పరుగెత్తుకొచ్చి ‘ఫలానావాడు మందు తాగిండు’ అంటే, అది పురుగుమందేనని ఊరందరికీ అర్థమవుతుంది. కాని డాక్టరుగారికి ఆ ఒక్క మాట చాలదు. ఏ మందు? ఎంత? ఎప్పుడు? ఈ మూడింటికి జవాబు దొరికితే సగం వైద్యం దారిన పడినట్టే.

సోమనాథ కవి పేరుతో ముడిపడిన పాలకుర్తినే తీసుకోండి. 2016 దాకా వరంగల్లు జిల్లాలో ఉండేది. ఇప్పుడు జనగామ జిల్లాలోది. చుట్టూ పత్తి చేలు, వరి మడులు. రైతు ఇంట పురుగుమందు డబ్బా వింత కాదు. వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి చేరాలంటే సుమారు 50 కిలోమీటర్లు పోవాలి. ఈలోగా ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పేదెవరు?

విష సమాచార కేంద్రాలు ఉన్నది ఇందుకే. అమెరికాలో మొదటిది 1953లో చికాగో నగరంలో వెలిసింది. పిల్లలు తాగేసిన సీసాలో ఏ రసాయనం ఉన్నదో డాక్టర్లకే తెలియని రోజులవి. మన దేశంలో 1995లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జాతీయ విష సమాచార కేంద్రాన్ని ప్రారంభించింది. రాత్రింబవళ్లు పనిచేసే ఈ కేంద్రానికి 1800 116 117 నంబరుకు ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. కన్నతల్లీ అడగవచ్చు, పల్లెటూరి డాక్టరూ అడగవచ్చు. రోగి వయసు, బరువు, డబ్బా మీది పేరు, లోపలికి పోయిన మోతాదు, ఎంతసేపయిందీ, కనిపిస్తున్న లక్షణాలు తెలుసుకుని సలహా చెబుతారు.

పేరు కోసం అంత పట్టుబట్టడం ఎందుకంటారా? మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందు లోపలికి పోతే కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోతాయి, నోట చొంగ కారుతుంది; అట్రోపిన్ ఇంజక్షను కావాలి. పారాక్వాట్ అనే గడ్డిమందుకు అసలు విరుగుడే లేదు. దాని వైద్యం పద్ధతే వేరు. పారాసిటమాల్ మాత్రలు ఎక్కువగా మింగినవారు మొదటి రోజు బాగానే కనిపిస్తారు; కాలేయం దెబ్బతిన్న సంగతి తరువాత బయటపడుతుంది. దీనికి విరుగుడు ఉన్నది గాని వేళకు పడాలి.

కంగారులో మనవాళ్లు చేసే మొదటి పని ఉప్పునీళ్లు పట్టి కక్కించడం. అది ప్రమాదం. కిరోసిన్ కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పైకి వస్తూ గొంతును రెండోసారి కాలుస్తుంది. స్పృహ లేనివారి నోట్లో నీళ్లయినా పొయ్యకూడదు. ఊపిరి కష్టమైనా, మూర్ఛ వచ్చినా ముందు 108 వాహనాన్ని పిలవాలి. ఒంటిమీద మందు పడితే బట్టలు విప్పించి, సబ్బుతో, ధారాళమైన నీటితో కడగాలి.

అన్నిటికన్నా కష్టమైన సంగతి ఇంకొకటి ఉన్నది. కావాలనే తాగారని తెలిస్తే పరువు పోతుందని, పోలీసులు వస్తారని, ఇంటివారు సీసా దాచేస్తారు. ‘అన్నం పడలేదు’ అని ఆసుపత్రిలో చెబుతారు. అక్కడే విలువైన గంట గడిచిపోతుంది. తీవ్రమైన మనోవేదనలో అలా చేసినవారిని విచారించి శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ప్రాణం నిలిపేవారికి ముందు కావలసింది కారణం కాదు, మందు పేరు. ప్రాణం దక్కాక మనసు మాట వినడానికి 14416 నంబరున టెలీ మానస్ సేవ 2022 నుంచి ఉన్నది. దుఃఖం ముదరకముందే ఫోను చేస్తే మరీ మంచిది.

గృహిణులు ఈ పూటే చెయ్యదగ్గ పనులు రెండున్నాయి. పురుగుమందును శీతల పానీయం సీసాలో పొయ్యనివ్వకండి. దాని డబ్బాలోనే, తాళం వేసిన చోట ఉంచండి. ఆ నంబర్లు గోడమీది క్యాలెండరుపై పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. కీడు జరిగితే మాత్రం సీసా పారెయ్యకండి. రోగితో పాటు దాన్నీ ఆసుపత్రికి తీసుకుపోండి.