పాత సామానుకు కొత్త పని

హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర గురువారం వచ్చిందంటే జుమ్మేరాత్ బజార్. నేలమీద పట్టా పరిస్తే అదే దుకాణం. మూత పోయిన ఇత్తడి మరచెంబు, చిమ్నీ లేని లాంతరు, తాళంచెవి ఎక్కడుందో తెలియని ట్రంకు పెట్టె, తలుపుల నుంచి ఊడదీసిన గొళ్ళేలు, జత తప్పిన పింగాణీ కప్పులు. ఎర్రగడ్డ ఆదివారం సంతదీ ఇదే తీరు, కాకపోతే అక్కడ ఎలక్ట్రానిక్ సామాను ఎక్కువ. చవకగా దొరికే పనిముట్ల కోసం, విడిభాగాల కోసం వచ్చేవారితో పాటు ఇంటి అలంకరణకు ఏమైనా దొరుకుతుందేమోనని వెతికేవారూ ఇలాంటి చోట్లకు వస్తున్నారు. మరచెంబు పూలకుండీ అవుతుంది, ట్రంకు పెట్టె హాల్లో టీపాయ్ అవుతుంది, గొళ్ళెం తువ్వాలు తగిలించే కొక్కెం అవుతుంది.

దీనికి ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు అప్‌సైక్లింగ్. పాత వస్తువును కరిగించో, పిప్పి చేసో మళ్ళీ ముడిసరుకుగా మార్చితే అది రీసైక్లింగ్. వస్తువును చెక్కు చెదరనివ్వకుండా, విలువ పెరిగేలా మరో పనికి మళ్ళిస్తే అప్‌సైక్లింగ్. జర్మన్ ఇంజనీరు రైనర్ పిల్జ్ 1994లో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో ఈ మాట వాడారు. పాత కట్టడాలు కూల్చినప్పుడు నిక్షేపంలా ఉన్న ఇటుకలను కూడా పొడి కొట్టేసి, దానికి రీసైక్లింగ్ అని పేరు పెడుతున్నారని ఆయన బాధ. 2002లో విలియం మెక్‌డొనో, మైకేల్ బ్రాన్‌గార్ట్ రాసిన ‘క్రెడిల్ టు క్రెడిల్’ వచ్చాక, వాడిన వస్తువుకు రెండో జీవితాన్ని ముందే ఊహించి తయారుచేయాలన్న ఆలోచన డిజైనర్లలో బాగా పాకింది.

తెలుగిళ్ళలో ఈ పని చాలా పాతది. బొంతనే తీసుకోండి. నాలుగైదు పాత నేతచీరలు, పంచెలు ఒకదానిమీద ఒకటి పరిచి, అంచులు లోపలికి మడిచి, పెద్ద సూదితో వరసలు వరసలుగా టాకాలు వేసుకుంటూ పోతారు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు కాబట్టి ఒంటికి గుచ్చుకోదు. పొరల మధ్య నిలిచిన గాలి చలిని ఆపుతుంది. చంటిబిడ్డ కింద పరిచే చిన్న బొంతకు కొత్త బట్ట కొనాలని ఎవరికీ తోచేది కాదు, అమ్మమ్మ చీరే అందుకు తగిన బట్ట. బెంగాల్ కాంథాలో పాత చీర అంచుల్లోంచి రంగు దారాలు లాగి, ఆ దారాలతోనే పువ్వులూ చేపలూ కుట్టేవారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ మహిళలు కుట్టే కవందిది మరో పద్ధతి. బట్టముక్కలను బయటి అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వస్తారు, చివర్లో మూలలకు మడత పువ్వులు పెడతారు. ఈ కాంథాలూ కవందులూ నేడు ప్రదర్శనశాలల్లో గోడలకెక్కాయి. మన బొంతకు ఆ మర్యాద ఇంకా దక్కలేదు, దక్కి తీరాలి.

కాగితపు గుజ్జు పని కూడా అలాంటిదే. పాత పేపర్లు చింపి రెండు మూడు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బేవారు. బోర్లించిన గిన్నెకు తడిబట్ట చుట్టి, దానిమీద ఈ గుజ్జును సమంగా మెత్తి ఎండబెడితే గట్టి బుట్ట ఊడి వచ్చేది. వెదురు చాటలకు, బుట్టలకు కన్నాలు పూడ్చడానికీ ఇదే గుజ్జు అలికేవారు. మెంతులు ఎందుకంటే, నానినప్పుడు వాటిలోంచి వచ్చే జిగురు కాగితపు పీచును పట్టి ఉంచుతుంది. ఫెవికాల్ డబ్బా అవసరం లేని జిగురు అది. ఆ బుట్టకు బయట పాత చీర అంచు అతికించి, లోపల తెల్ల రంగు వేస్తే ఈనాటి హాల్లో కూడా చక్కగా ఒదిగిపోతుంది. పేపరు మీది అచ్చు సిరా ఆహారానికి మంచిది కాదు కనుక తినే వస్తువులు మాత్రం నేరుగా అందులో పోయవద్దు. తాళాలు, దారపుండలు, ఉత్తరాలు వేసుకోవడానికి అంతకన్నా మంచి బుట్ట బజార్లో దొరకదు.

పాత శుభలేఖలను సన్నని గొట్టాల్లా చుట్టి గుచ్చిన గుమ్మం తెరలు, గాజుముక్కలతో అల్లిన తోరణాలు, చీరలను జడలా పేని చుట్టి కుట్టిన కాలిపట్టాలు కూడా ఈ కోవలోవే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. పాత వస్తువు మీద చేసే ప్రతి చేతిపనీ మేలు చేయదు. ఖాళీ ప్లాస్టిక్ సీసా తీసుకుని, దానికి రంగు పూసి, మెరుపు పొడి చల్లి, పూసలు, లేసు జిగురుతో అంటించి షోకేసులో పెట్టడం ఇప్పుడు చాలా ఇళ్ళలో, స్కూళ్ళలో జరుగుతోంది. మామూలుగా ఉన్నప్పుడు ఆ సీసాను పాత సామాన్లవాడు కొనుక్కునేవాడు, అది కరిగి దారమో మరొకటో అయ్యేది. రంగూ జిగురూ మెరుపూ కలిశాక దాన్ని విడదీసే ఓపిక ఎవరికీ ఉండదు. ఏడాది తిరిగేసరికి దుమ్ము పట్టి చెత్తబుట్టలోకే పోతుంది. పైగా ఆ అలంకరణకు కావలసిన రంగులు, పూసలు, మెరుపు పొడి కొత్తగా కొన్నవే. చెత్త తగ్గకపోగా కొంచెం పెరిగింది. వస్తువుకు మునుపటికన్నా మంచి ఉపయోగం దొరికిందా, రేపు అవసరమైతే దాని భాగాలు విడిపోతాయా అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే ఏది చేయదగ్గ పనో తెలుస్తుంది. అందుకే జిగురుకన్నా కుట్టు, స్క్రూ, ముడి మేలు.

సరుకు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పాత కుర్చీ, బల్ల కొనేటప్పుడు తిరగేసి అడుగుభాగం చూడాలి. పైన పాలిష్ ఏ కర్రనైనా దాస్తుంది, అడుగున చెక్క ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. సన్నటి పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉందన్నమాట. టేకు అయితే కాలు విరిగినా కొనవచ్చు, వడ్రంగి అతుకు వేస్తాడు. పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు సంగతి వేరు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఒకసారి స్క్రూ ఊడిన చోట మళ్ళీ పట్టు దొరకదు. పాత ఇళ్ళు కూల్చేచోట దొరికే ద్వారబంధాలు, తలుపులు, స్తంభాలు మాత్రం అపురూపం. గుబ్బల తలుపును అడ్డంగా పరిచి పైన గాజుపలక వేస్తే భోజనాల బల్ల అవుతుంది.

ఇత్తడికి చింతపండే మందు. చింతపండులోని ఆమ్లం పైన పేరుకున్న మకిలిని కరిగిస్తుంది. తోమాక తడి లేకుండా తుడవకపోతే మర్నాటికే మళ్ళీ మచ్చలు పడతాయి. బిందెలో మొక్క పెట్టదలిస్తే మట్టిని నేరుగా పోయకుండా, అడుగున కన్నాలున్న మరో కుండీని లోపల దించితే లోహం పచ్చబడి పాడైపోదు. సంతలో కొన్న ఇత్తడి గిన్నెకు కళాయి పోయి ఉంటే అది అలంకరణకే, పులుసు కాచడానికి పనికిరాదు. బిద్రీ వస్తువు దొరికితే మాత్రం చింతపండు జోలికి అస్సలు పోవద్దు. బిద్రీ అంటే కొద్దిగా రాగి కలిపిన జింకు. దాని నల్లదనం మట్టి, నవసాగరం కలిపి పట్టించగా వచ్చిన పైపొర. పులుపు తగిలితే పనివాడి శ్రమంతా పోతుంది. మెత్తటి గుడ్డ, రెండు చుక్కల కొబ్బరినూనె చాలు.

పాత రంగు గీకేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించరాదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబర్ 1 నుంచే. అంతకుముందు రంగు వేసిన తలుపుల్లో, ఊయలల్లో, బొమ్మల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా సాండ్‌పేపర్ పడితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్లలకు మరీ ప్రమాదం. చెక్కను తడిపి రుద్దాలి, మాస్కు కట్టుకోవాలి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు.

పారేసినవాటితో ఎంత దూరం వెళ్ళవచ్చో చూడాలంటే చండీగఢ్ రాక్ గార్డెన్‌కు వెళ్ళాలి. దేశ విభజన వేళ కాందిశీకుడిగా వచ్చిన నేక్ చంద్ అక్కడ ప్రభుత్వంలో రోడ్ ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కోసం పాత ఊళ్ళు కూలుతుంటే, ఆ శిథిలాలను 1957 నుంచి సైకిలు మీద మోసుకెళ్ళి, కట్టడాలకు అనుమతి లేని అడవిలో గుట్టుగా బొమ్మలు చేశారు. సుమారు 18 ఏళ్ళ తర్వాత అధికారుల కంటపడింది. కూల్చివేత తప్పి, 1976లో ప్రజలకు తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ తోటలో నేర్చుకోవాల్సింది ఆయన క్రమశిక్షణ. దొరికిన ప్రతిదీ ఒకే బొమ్మకు తగిలించలేదు. గాజుముక్కలు ఒక బారుకు, పింగాణీ పెంకులు మరో బారుకు వాడారు. ఒకే సరుకు వందలసార్లు కనిపించేసరికి అది పారేసినదన్న సంగతే చూసేవారికి గుర్తుండదు. ఇంట్లో చేసేవారికీ ఇది పనికొస్తుంది. పది రకాల పూసలున్న ఒక ఫ్రేముకన్నా, విరిగిన ఎర్ర గాజులు మాత్రమే పొదిగిన ఫ్రేము ఎక్కువ అందంగా ఉంటుంది.

మన దగ్గర పాత సామాను పెద్దయెత్తున బయటకు వచ్చేది సంక్రాంతి ముందే. విరిగిన కుర్చీలు, పాత తలుపులు భోగిమంటల్లో పడతాయి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ మంటల్లో వేస్తే వచ్చే పొగ ఒంటికి చేటు. మంటకు ఎండుకొమ్మలు, పిడకలు సరిపోతాయి. ఈసారి భోగికి ముందు మీ అటక మీది చెక్కసామాను ఒకసారి కిందికి దించి, వడ్రంగికి చూపించండి. టేకు ముక్క ఒక్కటి దొరికినా అది కొలువు బొమ్మలకు మెట్టుగా పనికొస్తుంది.